గోడకు కాపలా ఎవరు? అమెరికాలో చర్చి, ప్రభుత్వం, రెండు వందల ఏళ్ల పేచీ

1802 జనవరి 1న అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కి మసాచుసెట్స్ రాష్ట్రంలోని చెషర్ అనే చిన్న ఊరి నుంచి ఓ కానుక అందింది. 1,235 పౌండ్ల, అంటే సుమారు 560 కిలోల చీజ్ ముద్ద. దాన్ని తెచ్చింది జాన్ లేలాండ్ అనే బాప్టిస్టు పాస్టరు. సరిగ్గా అదే రోజు జెఫర్సన్ కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టుల సంఘానికి ఒక ఉత్తరం రాశాడు. చర్చినీ ప్రభుత్వాన్నీ విడదీసే గోడ అన్న మాట ఆ ఉత్తరంలోదే. రెండు రోజుల తర్వాత ఆదివారం నాడు, సాక్షాత్తూ ప్రతినిధుల సభ హాల్లో లేలాండ్ వాక్యం చెబుతుంటే జెఫర్సన్ వెళ్లి కూర్చుని విన్నాడు.

ఇవాళ ఈ విషయం మీద వాదించుకునేవాళ్లు ఆ మూడు రోజుల్లోంచి ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకుంటారు. ప్రభుత్వం మతం జోలికి పోకూడదనేవాళ్లు ఉత్తరం చూపిస్తారు. అలాంటి గోడేమీ లేదనేవాళ్లు సభ హాల్లో జరిగిన ఆరాధన చూపిస్తారు. చీజ్ సంగతి ఇద్దరూ ఎత్తరు. నిజానికి ముందు అడగాల్సింది దాని గురించే. 1800 ఎన్నికల్లో జెఫర్సన్ దేవుణ్ణి నమ్మనివాడని ప్రత్యర్థులు ఊరూరా ప్రచారం చేశారు. అలాంటి మనిషికి నిష్ఠ గల క్రైస్తవులైన బాప్టిస్టులు అంత బరువున్న కానుకని వందల మైళ్లు తరలించుకొచ్చి ఎందుకిచ్చారు?

ఎందుకంటే మతం పేరుతో ప్రభుత్వం పెట్టే ఇబ్బంది ఏమిటో వాళ్లు అనుభవించారు. కనెక్టికట్‌లో అప్పటికి కాంగ్రిగేషనల్ చర్చిదే అధికారం. దాని పాస్టర్ల జీతాలకి ఊళ్లో అందరూ పన్ను కట్టాలి. నేను ఫలానా చర్చి వాణ్ణి అని సర్టిఫికెట్ దాఖలు చేసుకుంటేనే ఆ పన్ను నుంచి మినహాయింపు. మాకున్న మతస్వేచ్ఛని ప్రభుత్వం దయతో ఇచ్చినట్టుగా చూస్తున్నారు తప్ప మా హక్కుగా చూడటం లేదని డాన్‌బరీ వాళ్లు జెఫర్సన్‌కి మొరపెట్టుకున్నారు. వర్జీనియాలో పరిస్థితి ఇంకా ఘోరం. అక్కడ అధికార చర్చి ఆంగ్లికన్లది. లైసెన్సు లేకుండా బోధించారని విప్లవానికి ముందు సంవత్సరాల్లో బాప్టిస్టు బోధకుల్ని జైల్లో వేసేవాళ్లు. 1774లో, 22 ఏళ్ల వయసులో, జేమ్స్ మాడిసన్ ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో పక్క కౌంటీ జైల్లో అలా మగ్గుతున్న ఐదారుగురి గురించి ఎంతో కోపంగా రాశాడు. ఆ మాడిసనే తర్వాత రాజ్యాంగానికి ప్రధాన శిల్పి అయ్యాడు.

ఇంకా వెనక్కి వెళ్తే రోజర్ విలియమ్స్ కనిపిస్తాడు. ప్యూరిటన్ల మసాచుసెట్స్ నుంచి వెళ్లగొడితే 1636లో ప్రావిడెన్స్ అనే ఊరు కట్టుకున్న పాస్టరు ఈయన. 1644లోనే గోడ అన్న పోలికని వాడాడు. ఆయన దృష్టిలో చర్చి ఓ తోట, బయటి లోకం అడవి. గోడ తోటని కాపాడ్డానికి. అడవిని కాపాడ్డానికి కాదు. అంటే ప్రభుత్వాన్ని పాస్టర్ల నుంచి రక్షించాలన్నది ఆయన దిగులు కానే కాదు, విశ్వాసాన్ని షెరిఫ్ నుంచి రక్షించాలన్నదే. ఈ గోడ మతం గిట్టనివాళ్లు కట్టిందని నమ్మేవాళ్లు అమెరికాలో ఇప్పుడు కోట్లలో ఉన్నారు. దాని పునాది రాళ్లు మోసినవాళ్లలో ఎక్కువమంది మోకాళ్ల మీద ప్రార్థన చేసేవాళ్లే.

అసలు పోరాటం జరిగింది వర్జీనియాలో. 1784లో పాట్రిక్ హెన్రీ అనే అక్కడి నాయకుడు ఒక బిల్లు తెచ్చాడు. క్రైస్తవ బోధకుల జీతాలకి అందరి దగ్గరా కొంత పన్ను వసూలు చెయ్యాలి, కట్టేవాళ్లు తమ డబ్బు ఏ శాఖకి పోవాలో తామే చెప్పుకోవచ్చు. చూడ్డానికి ఉదారంగానే ఉంది. జార్జి వాషింగ్టన్‌కి కూడా అందులో పెద్ద తప్పేమీ కనబడలేదు. మాడిసన్ ఒప్పుకోలేదు. ఇవాళ అన్ని మతాల్నీ పక్కకి నెట్టి క్రైస్తవాన్ని నిలబెట్టే అధికారం ఉన్న ప్రభుత్వానికి, రేపు మిగతా క్రైస్తవ శాఖలన్నిట్నీ పక్కకి నెట్టి ఒక్క శాఖని నిలబెట్టే అధికారం కూడా ఉంటుంది కదా అని 1785లో రాసిన విజ్ఞాపనలో అడిగాడు. మూడు పెన్నీల పన్నయినా సరే, ఆ అధికారం ఉందని ఒప్పుకుంటే అంతే సంగతులన్నాడు. బాప్టిస్టుల దగ్గర నుంచి, ఇతర చిన్న శాఖల దగ్గర నుంచి పిటిషన్లు గుట్టలుగా వచ్చిపడ్డాయి. హెన్రీ బిల్లు మూలనపడింది. దాని బదులు 1786లో, జెఫర్సన్ ఎప్పుడో రాసిపెట్టిన మతస్వేచ్ఛ చట్టం పాసయింది.

1791లో అమల్లోకి వచ్చిన మొదటి సవరణలో మతం గురించి ఉన్నది ఇంగ్లిషులో 16 మాటలే. మతాన్ని స్థాపించే చట్టం కాంగ్రెస్ చెయ్యకూడదు, మతాన్ని స్వేచ్ఛగా ఆచరించడాన్ని అడ్డుకోకూడదు. గోడ అన్న మాట అందులో లేదు, చర్చి అన్న మాటా లేదు. దానికన్నా ముందే, అసలు రాజ్యాంగంలోని ఆరో అధికరణం ప్రభుత్వ పదవికి మతపరమైన అర్హత పెట్టకూడదని తేల్చేసింది. 1797లో ట్రిపోలీతో చేసుకున్న ఒప్పందంలో, అమెరికా ప్రభుత్వం ఏ అర్థంలోనూ క్రైస్తవ మతం పునాదిగా ఏర్పడింది కాదని రాస్తే సెనేట్ ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగా పడకుండా ఆమోదించింది. అయితే ఒక మెలిక ఉంది. మొదటి సవరణ కట్టడి చేసింది ఫెడరల్ ప్రభుత్వాన్ని మాత్రమే. రాష్ట్రాలు తమ చర్చిలకి పన్నులు వసూలు చేసుకోవచ్చు. కనెక్టికట్‌లో అది 1818 దాకా, మసాచుసెట్స్‌లో 1833 దాకా సాగింది. అమెరికా క్రైస్తవ దేశంగా పుట్టిందా లేదా అన్న తగవు ఎప్పటికీ తెగకపోవడానికి సగం కారణం ఇదే. కేంద్రాన్ని చూస్తే ఒక జవాబు, రాష్ట్రాల్ని చూస్తే ఇంకో జవాబు.

జెఫర్సన్ ఉత్తరం వెనక రాజకీయం కూడా చూడాలి. అది మనసు విప్పి రాసుకున్న సిద్ధాంత వ్యాసమేమీ కాదు. పంపేముందు అటార్నీ జనరల్ లీవై లింకన్‌కి చూపించి, కొన్ని వరుసలు కొట్టేశాడు. 1998లో ఎఫ్‌బీఐ ప్రయోగశాల ఆ సిరా వెనకున్న మాటల్ని బయటికి తీసింది. ఉపవాస దినాలూ కృతజ్ఞతా దినాలూ ప్రభుత్వం తరఫున తానెందుకు ప్రకటించడో వివరించిన భాగం అది. ఆ రోజులకి అలవాటుపడ్డ ఈశాన్య రాష్ట్రాల్లోని తన పార్టీ వాళ్లు నొచ్చుకుంటారని తీసేశాడు. ఓట్ల లెక్క చూసుకుని ఎక్కడ మాట మింగాలో తెలిసిన నాయకుడి రాత అది. దాన్ని తర్వాతి కోర్టులు దాదాపు రాజ్యాంగ వాక్యంలా చదివాయి.

ఇక 19వ శతాబ్దంలో గోడకు కాపలా మారింది. ఐర్లండ్ నుంచి, జర్మనీ నుంచి లక్షలాదిగా కేథలిక్కులు వచ్చారు. ప్రభుత్వ బడుల్లో ప్రొటెస్టెంట్ల కింగ్ జేమ్స్ బైబిల్ చదివించేవాళ్లు. అప్పటి పెద్దలకి అది మతంలా అనిపించలేదు, మామూలు క్రమశిక్షణలా అనిపించింది. కేథలిక్కులు మా పిల్లలకి మా బైబిల్ కావాలంటే 1844లో ఫిలడెల్ఫియాలో అల్లర్లు జరిగాయి, చర్చిలు తగలబడ్డాయి, మనుషులు చచ్చిపోయారు. పోనీ మా బడులకి కొంత ప్రభుత్వ సాయం చెయ్యమంటే, చర్చికి ప్రజల సొమ్మా అని ప్రొటెస్టెంట్లే గోడ పేరెత్తారు. 1875లో జేమ్స్ బ్లేన్ అనే నాయకుడు మత సంస్థల బడులకి ప్రజాధనం పోకుండా రాజ్యాంగ సవరణ తేవాలని చూశాడు. సెనేట్‌లో వీగిపోయింది గానీ, అలాంటి నిబంధనల్ని చాలా రాష్ట్రాలు తమ రాజ్యాంగాల్లో పెట్టుకున్నాయి. ప్రభుత్వ బడిలో తమ ప్రార్థన ఉంటుంది, పక్కవాడి బడికి మాత్రం పైసా పోకూడదు. ఈ కాలపు గోడలో న్యాయం పాలు తక్కువే అని చెప్పక తప్పదు.

సుప్రీంకోర్టు గోడని చట్టంగా మార్చింది 1947లో, ఎవర్సన్ కేసులో. న్యూజెర్సీలో ఒక టౌన్‌షిప్ బడి పిల్లల బస్సు చార్జీలు తల్లిదండ్రులకి తిరిగి ఇచ్చేది, కేథలిక్ బడికి వెళ్లే పిల్లలకి కూడా. అది చెల్లుతుందా అన్నది ప్రశ్న. తీర్పు రాసిన హ్యూగో బ్లాక్, గోడ ఎత్తుగా, ఎవరూ బద్దలు కొట్టలేనట్టుగా ఉండాలన్నాడు, ఈ నియమం ఇకపై రాష్ట్రాలకీ వర్తిస్తుందన్నాడు. అంతా అని చివర్లో బస్సు చార్జీలు ఇవ్వొచ్చని తేల్చాడు. 5-4 తీర్పు. ఓడిన నలుగురు జడ్జీలకీ గోడ ఇంకా ఎత్తుగా కావాలి. అదే ఏడాది గోడ కోసమంటూ ఒక సంఘం పుట్టింది. ఇప్పుడు అన్ని మతాలవాళ్లూ, ఏ మతమూ లేనివాళ్లూ ఉన్న ఆ సంఘం మొదటి పేరులో 'ప్రొటెస్టెంట్లు' అన్న మాట ముందుండేది. ఎవరికి వ్యతిరేకంగా పుట్టిందో పేరే చెబుతోంది.

ఆ తర్వాతి పదిహేనేళ్లలో రెండు విషయాలు ఒకదానికొకటి ఎదురుగా నడిచాయి. కమ్యూనిస్టులు నాస్తికులు కాబట్టి మనం దేవుణ్ణి నమ్మేవాళ్లమని చాటుకోవాలన్న ఉత్సాహంలో 1954లో విధేయత ప్రతిజ్ఞలో దేవుడి మాట చేర్చారు, 1956లో దేవుణ్ణి నమ్ముతామన్న వాక్యాన్ని జాతీయ నినాదం చేశారు. డాలర్ నోట్ల మీద అది కనబడేది 1957 నుంచే. వాషింగ్టన్ కాలం నుంచీ ఉందనుకునేవాళ్లు ఎందరో. మరోవైపు 1962లో న్యూయార్క్ ప్రభుత్వ బడుల కోసం అధికారులు రాసిన 22 మాటల ప్రార్థనని సుప్రీంకోర్టు కొట్టేసింది. 1963లో బడిలో రోజూ బైబిల్ చదివించడాన్నీ కొట్టేసింది. పిల్లలు ప్రార్థన చేసుకోకూడదని కోర్టు అనలేదు. ప్రభుత్వం ప్రార్థన రాసి చదివించకూడదంది. కానీ దేవుణ్ణి బడి నుంచి వెళ్లగొట్టారన్న మాటే జనంలోకి వెళ్లింది. అరవై ఏళ్లు దాటినా రిపబ్లికన్ సభల్లో ఆ మాట ఇంకా వినబడుతూనే ఉంటుంది.

కాపలా ఎలా మారుతుందో ఒక్క మనిషిలో చూడాలంటే డల్లస్‌లోని బాప్టిస్టు పాస్టరు డబ్ల్యూ.ఎ. క్రిస్‌వెల్‌ని చూడాలి. 1960లో కేథలిక్ అయిన జాన్ కెనడీ అధ్యక్ష పదవికి పోటీ చేస్తుంటే, చర్చి వేరు, ప్రభుత్వం వేరు అన్న సూత్రాన్ని కేథలిక్ అధ్యక్షుడు మంటగలుపుతాడని ఆయన ప్రసంగించాడు. ఆ ప్రసంగాన్ని అచ్చువేసి పంచారు. ఆ టెన్షన్ తట్టుకోలేకే కెనడీ సెప్టెంబర్ 12న హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంట్ పాస్టర్ల ముందు నిలబడి, చర్చీ ప్రభుత్వమూ పూర్తిగా వేరుగా ఉండే అమెరికానే తాను నమ్ముతానని ప్రకటించాడు. 1984కి వచ్చేసరికి అదే క్రిస్‌వెల్, చర్చినీ ప్రభుత్వాన్నీ వేరు చెయ్యాలన్నది ఎవరో అవిశ్వాసి ఊహలో పుట్టిందని టీవీలో చెప్పాడు. ఇరవై నాలుగేళ్లలో రాజ్యాంగం మారలేదు. ఆయన భయపడేవాళ్లు మారారు. 1960లో పోప్. 1984లో కోర్టులూ, గర్భస్రావ హక్కూ, మతం అక్కర్లేదనే సమాజమూ.

ఆ మధ్యలో ఏం జరిగింది? ఎక్కువమంది చెప్పే జవాబు, గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన 1973 నాటి సుప్రీంకోర్టు తీర్పు. అది నిజమే గానీ పూర్తి నిజం కాదు. 1971లో దక్షిణాది బాప్టిస్టుల మహాసభే కొన్ని పరిస్థితుల్లో గర్భస్రావానికి చట్టం అనుమతివ్వాలని తీర్మానించింది. అంతకన్నా ముందు మంట రాజేసింది పన్ను మినహాయింపు గొడవ. ప్రభుత్వ బడుల్లో నల్లవాళ్ల పిల్లల్ని చేర్చుకోమని కోర్టులు ఒత్తిడి తెచ్చాక దక్షిణాదిలో తెల్లవాళ్ల క్రైస్తవ బడులు పుట్టగొడుగుల్లా వచ్చాయి. జాతివివక్ష పాటించే బడికి పన్ను మినహాయింపు లేదని ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ అంది. బాబ్ జోన్స్ అనే క్రైస్తవ యూనివర్సిటీ కోర్టుకెక్కి, 1983లో సుప్రీంకోర్టులో 8-1తో ఓడిపోయింది. మా సంస్థల జోలికి ప్రభుత్వం వస్తోందన్న కోపంలోంచే, 1979లో జెర్రీ ఫాల్‌వెల్ అనే పాస్టరు పెట్టిన మోరల్ మెజారిటీ అనే రాజకీయ సంస్థకి బలం వచ్చింది. ప్రొటెస్టెంట్ ఛాందసులూ కేథలిక్ ఛాందసులూ వందేళ్ల పగ మరిచి ఒకే గూటికి చేరారు. కేథలిక్ అయిన రిక్ శాంటోరమ్ 2012లో అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడుతూ, కెనడీ హ్యూస్టన్ ప్రసంగం చదివితే తనకి వాంతొచ్చినట్టయిందన్నారు. కేథలిక్కుల్ని గెలిపించడానికి పనికొచ్చిన మాట ఇంకో కేథలిక్‌కి అవమానంగా తోచింది.

ఈ చరిత్ర తెలిస్తే ఇవాళ్టి కేసులు వేరేగా కనబడతాయి. 2024లో లూసియానా ప్రతి ప్రభుత్వ బడి గదిలోనూ బైబిల్‌లోని పది ఆజ్ఞల పోస్టరు పెట్టి తీరాలని చట్టం చేసింది. 2025లో టెక్సస్ అదే దారి పట్టింది. కెంటకీ చేసిన ఇలాంటి చట్టాన్ని సుప్రీంకోర్టు 1980లోనే కొట్టేసింది కదా అంటే, ఇప్పటి కోర్టు వేరన్నది వాళ్ల ధీమా. 2005లో ఒకే రోజు రెండు తీర్పులొచ్చాయి. టెక్సస్ అసెంబ్లీ ఆవరణలోని పది ఆజ్ఞల రాయి ఉండొచ్చు, కెంటకీ కోర్టుల గోడల మీది పది ఆజ్ఞల పటాలు ఉండకూడదు. రెండిట్లోనూ తేడా చేసింది స్టీఫెన్ బ్రయర్ అనే ఒక్క జడ్జి ఓటు. మరి లూసియానా, టెక్సస్ చట్టాల మీద కోర్టుకి వెళ్లిందెవరు? వాళ్లలో పాస్టర్లున్నారు, యూదు రబ్బీ ఉన్నారు, టెక్సస్‌లో హిందూ కుటుంబం కూడా ఉంది. యూదుల, కేథలిక్కుల, ప్రొటెస్టెంట్ల పది ఆజ్ఞల పట్టిక ఒకటి కాదు, అంకెలూ మాటలూ తేడా. గోడకి అంటించాలంటే ఎవరి పట్టికో ప్రభుత్వమే ఎంచుకోవాలి. లూసియానా చట్టాన్ని 2025 జూన్‌లో ఫెడరల్ అప్పీలు కోర్టు బెంచి చెల్లదంది. తర్వాత ఆ కోర్టు జడ్జీలందరూ కలిసి మళ్లీ వింటామన్నారు.

టెక్సస్ అనగానే మన వాళ్లకి గుర్తొచ్చేది షుగర్‌ల్యాండ్‌లోని అష్టలక్ష్మి గుడి. చిన్న జీయర్ స్వామి ఆధ్వర్యంలో అక్కడ 90 అడుగుల ఆంజనేయుడి విగ్రహాన్ని 2024 ఆగస్టులో ప్రతిష్ఠించారు. ఏడాది తిరిగేసరికి, సెనేట్‌కి పోటీ చేస్తున్న ఒక రిపబ్లికన్ నాయకుడు, ఇది క్రైస్తవ దేశం, అబద్ధపు దేవుడి అబద్ధపు విగ్రహాన్ని ఇక్కడెందుకు ఉండనిస్తున్నామని సోషల్ మీడియాలో రాశారు. విగ్రహం ఉన్నది గుడి సొంత స్థలంలో, భక్తుల డబ్బుతో. చట్టప్రకారం దానికి వచ్చిన ముప్పేమీ లేదు. ఆ నాయకుడికి జవాబుగా హిందూ సంస్థలు ఎత్తి చూపించింది మొదటి సవరణనే. 2000 సెప్టెంబర్ 14న, వాజపేయి అమెరికా కాంగ్రెస్‌లో ప్రసంగించిన రోజున, ఒహాయోలోని పార్మా గుడి అర్చకులు వెంకటాచలపతి సముద్రాల ప్రతినిధుల సభలో ప్రార్థన చేశారు. ఆ సభలో అది మొదటి హిందూ ప్రార్థన. 2007లో సెనేట్‌లో ఇంకో హిందూ అర్చకుడు ప్రార్థన మొదలుపెడితే గ్యాలరీలోంచి కొందరు అరిచి అడ్డుపడ్డారు. సభలో ప్రార్థన ఉండాలని పట్టుబట్టేవాళ్లకే ఏ ప్రార్థన అన్న దగ్గర ఇబ్బంది వచ్చింది.

2025 అక్టోబర్‌లో మిసిసిపీ యూనివర్సిటీ సభలో ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ తన భార్య ఉషకి కూడా ఏదో ఒక రోజు క్రీస్తు మీద నమ్మకం కలగాలని ఆశపడుతున్నానన్నారు. ఉష పూర్వీకులది పశ్చిమగోదావరి వైపు వడ్లూరు కావడంతో తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో అదో ఇంటి గొడవలా నడిచింది. కానీ భార్యాభర్తల నమ్మకం వాళ్ల సొంత విషయం. అదే సభలో ఆయన, క్రైస్తవ విలువలు ఈ దేశానికి ముఖ్యమైన పునాది అని అనుకుంటున్నందుకు తానేమీ సంజాయిషీ చెప్పుకోనన్నారు. పట్టించుకోవాల్సిన మాట అది. అదే ఏడాది మే 1న వైట్‌హౌస్ తోటలో ప్రార్థనా దినం జరుపుతూ డొనాల్డ్ ట్రంప్, చర్చికీ ప్రభుత్వానికీ దూరమంటారు, ఈ ఒక్కసారికి ఆ సంగతి మర్చిపోదామన్నారు. సభాపతి మైక్ జాన్సన్ అంతకుముందే, చర్చీ ప్రభుత్వమూ వేరన్న మాటని జనం తప్పుగా అర్థం చేసుకున్నారని చెప్పి ఉన్నారు.

ఇక్కడ మనకీ వాళ్లకీ ఉన్న తేడా ఒకటి గమనించాలి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో గుళ్లకి దేవాదాయ శాఖ ఉంది, ఈవోలున్నారు, తిరుమల తిరుపతి దేవస్థానం పాలకమండలిని ప్రభుత్వమే వేస్తుంది. పెన్సిల్వేనియాలో 1970ల్లో కట్టిన పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయానికి అలాంటి అధికారిని పంపాలని ఏ గవర్నరైనా అనుకుంటే మర్నాడే కోర్టు ఆపేస్తుంది. అక్కడ గుడి అంటే రిజిస్టరైన ఒక లాభాపేక్ష లేని సంస్థ, సభ్యులు ఎన్నుకునే ట్రస్టీలు, పన్ను మినహాయింపు. కాలనీవాళ్లు గుడి వద్దంటే, జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే నిబంధనలు) పేరుతో మతసంస్థల్ని అన్యాయంగా అడ్డుకోకూడదన్న 2000 నాటి ఫెడరల్ చట్టం ఉంది. మతం గురించి జవాబు చెప్పి తీరాలని సెన్సస్ వాళ్లు అడగకూడదని 1976 చట్టం చెబుతోంది కాబట్టి, అక్కడ హిందువులు ఎందరన్నది ప్రభుత్వ లెక్కల్లో దొరకదు. అమెరికాలో మన గుళ్లు ఇన్ని లేచాయంటే అది గోడ నీడలోనే. ఆ గోడ అక్కర్లేదనే పార్టీకి విరాళాలిచ్చే తెలుగువాళ్లూ తక్కువేమీ లేరు. పన్నులూ వ్యాపారమూ వాళ్ల లెక్కలో ముందుంటాయి, అది వేరే సంగతి.

పన్ను మినహాయింపు తీసుకున్న సంస్థ ఎన్నికల్లో ఫలానా అభ్యర్థికి ఓటెయ్యమనకూడదన్నది 1954లో లిండన్ జాన్సన్ పెట్టించిన నిబంధన. ఆయన గురి చర్చిల మీద కాదు, టెక్సస్‌లో తనకి వ్యతిరేకంగా పనిచేస్తున్న సంస్థల మీద. చర్చిలు కూడా ఆ చట్రంలోకి వచ్చేశాయి. ఆచరణలో దాన్ని పట్టించుకున్నదీ తక్కువే. ఆదివారం నల్లవాళ్ల చర్చిలకి వెళ్లే డెమొక్రాట్లూ, తెల్లవాళ్ల పెద్ద చర్చిలకి వెళ్లే రిపబ్లికన్లూ ఎన్నికల ఏడాది ప్రతిసారీ కనబడతారు. 2025 జులైలో టెక్సస్ కోర్టులో ఒక కేసులో ఐఆర్ఎస్, పాస్టరు తన సంఘంతో ఆరాధన సమయంలో మాట్లాడితే అది ఇంట్లోవాళ్లు మాట్లాడుకోవడం లాంటిదే, దానికి ఈ నిబంధన వర్తించదని తన తరఫు వాదనగా రాసిచ్చింది.

ఇవన్నీ కళ్లకి కనబడే గొడవలు. అసలు మార్పు డబ్బు దగ్గర జరిగింది, అదీ చప్పుడు లేకుండా. ఎవర్సన్ నాటి ప్రశ్న, మత సంస్థకి ప్రజల సొమ్ము ఇవ్వొచ్చా అని. ఇప్పటి ప్రశ్న, ఇవ్వకుండా ఉండొచ్చా అని. 2002లో ఒహాయోలోని క్లీవ్‌లాండ్ వోచర్ల (బడి ఫీజు కోసం ప్రభుత్వమిచ్చే సాయం) కేసులో, డబ్బు తల్లిదండ్రుల చేతికి వెళ్లి వాళ్ల ఇష్టప్రకారం మతబడికి చేరితే తప్పులేదని 5-4తో అన్నారు. 2017లో మిసూరీలో ఒక లూథరన్ చర్చి, తన పిల్లల ఆటస్థలానికి పాత టైర్ల రబ్బరు పరచడానికి రాష్ట్ర గ్రాంటు అడిగింది. చర్చి కాబట్టి ఇవ్వం అనడం వివక్ష అని 7-2తో తీర్పొచ్చింది. 2020లో మాంటానా కేసులో బ్లేన్ కాలపు నిబంధన పక్కకి పోయింది. జస్టిస్ అలిటో తన అభిప్రాయంలో 19వ శతాబ్దపు కేథలిక్ వ్యతిరేక కార్టూన్‌ని కూడా అచ్చువేసి, దీని పుట్టుకే ద్వేషంలో అన్నారు. అందులో నిజముంది కూడా. 2022లో మెయిన్ రాష్ట్రం వంతు. అక్కడ హైస్కూలు లేని పల్లెల పిల్లలకి ప్రైవేటు బడి ఫీజు ప్రభుత్వమే కడుతుంది, మతం నేర్పే బడులకి తప్ప. ఆ 'తప్ప' చెల్లదని 6-3తో తేలింది. చర్చినీ ప్రభుత్వాన్నీ వేరుగా ఉంచడమే రాజ్యాంగ ఉల్లంఘన అయ్యే చోటికి ఈ కోర్టు మనల్ని తీసుకొచ్చిందని జస్టిస్ సోటొమేయర్ అసమ్మతి రాశారు. అదే నెలలో, మ్యాచ్ అయ్యాక మైదానం మధ్యలో ప్రార్థన చేసిన వాషింగ్టన్ రాష్ట్రపు ఫుట్‌బాల్ కోచ్ కూడా 6-3తోనే గెలిచారు. ప్రభుత్వం మతం విషయంలో హద్దు దాటిందా అని తేల్చడానికి 1971 నుంచి కోర్టులు వాడుతున్న మూడంచెల పరీక్షని పక్కన పెట్టి, ఇకపై చరిత్ర, సంప్రదాయం చూస్తామన్నారు. ఏ చరిత్ర? వర్జీనియాదా, మసాచుసెట్స్‌దా?

తర్వాతి మెట్టు ఓక్లహోమాలో వచ్చింది. సెయింట్ ఇసిడోర్ పేరుతో కేథలిక్కులు ఆన్‌లైన్ చార్టర్ స్కూలు పెడతామన్నారు. చార్టర్ స్కూలంటే ప్రైవేటు సంస్థ నడిపే ప్రభుత్వ బడి, ఖర్చంతా ప్రజలదే. 2023లో రాష్ట్ర బోర్డు 3-2తో అనుమతిచ్చింది. గవర్నరు కెవిన్ స్టిట్ సంతోషించారు. కోర్టుకి వెళ్లి దాన్ని ఆపించింది ఏ నాస్తిక సంఘమో కాదు, అదే రిపబ్లికన్ పార్టీకి చెందిన అటార్నీ జనరల్ జెంట్నర్ డ్రమండ్. ఇవాళ ఈ బడికి ఇస్తే రేపు షరియా నేర్పే బడికి కూడా డబ్బివ్వాల్సి వస్తుందన్నది ఆయన చెప్పిన కారణం. వినడానికి మొరటుగా ఉంది, ముస్లింల పట్ల అన్యాయంగానూ ఉంది. కానీ మాడిసన్ 1785లో అడిగిన ప్రశ్నకి దగ్గరి చుట్టమే.

రాష్ట్ర సుప్రీంకోర్టు డ్రమండ్ వైపు నిలిచింది. 2025 మే 22న అమెరికా సుప్రీంకోర్టు 4-4గా చీలి, ఒకే ఒక్క వాక్యంతో ఆ తీర్పుని అలాగే ఉంచేసింది. ఎవరు ఎటు ఓటేశారో చెప్పలేదు, కారణాలు రాయలేదు. జస్టిస్ ఎమీ కోనీ బారెట్ ఆ కేసు నుంచి తప్పుకున్నారు కాబట్టే ఓట్లు సమానమయ్యాయి. సమానంగా చీలిన తీర్పు మిగతా రాష్ట్రాలకి వర్తించదు. కాబట్టి ఆమె తప్పుకోవాల్సిన అవసరం లేని ఇంకో మత చార్టర్ బడి కేసు పైకి వచ్చినప్పుడు ఈ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది తొమ్మిదిమంది. అప్పటిదాకా ఓక్లహోమాలో ఆగిన డబ్బు ఇంకో రాష్ట్రంలోనూ ఆగుతుందన్న హామీ ఏమీ లేదు.